చేతిలో బంతి లేని ఆట

పోయిన సెమిస్టర్‌లో ఇంటర్ బ్రాంచ్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి సరిగ్గా వారం ముందు నా కుడి చీలమండ బెణికింది. రెండేళ్ళుగా మా బ్రాంచ్ టీమ్‌లో పాయింట్ గార్డ్‌ని నేనే. "ఆడలేకపోతే ఏం, కోచ్‌గా కూర్చో" అన్నారు మావాళ్ళు. సరే, ఆడటం కన్నా చెప్పడం తేలికే కదా అనుకుని ఒప్పేసుకున్నా.

సెమీఫైనల్లో 9 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆ మ్యాచ్‌లో తీసుకున్న ప్రతి టైమౌట్‌లోనూ నేను చేసింది ఒకటే పని: అరవడం. "అక్కడ మనవాడు ఖాళీగా ఉన్నాడ్రా, కనబడట్లేదా?" అని మూడోసారి అరిచినప్పుడు, నా స్థానంలో ఆడుతున్న సెకండియర్ కుర్రాడు చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "నిజంగానే కనబడట్లేదన్నా. నీకెలా కనబడుతోందో అది చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. నాకు ఎలా కనబడుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. కనబడుతుంది, అంతే. ఈలోగా విజిల్ మోగింది, వాళ్ళు కోర్టులోకి వెళ్ళిపోయారు. నేను కుర్చీలో కూలబడ్డాను.

మర్నాడు మా పీడీ సార్‌తో ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, "యూరప్‌లో షారస్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన కథ చదువు, టైమౌట్ వీడియోలు చూడు. నీ రోగం ఆయనకీ ఉండేది" అన్నారు. అలా మొదలైంది నా వెతుకులాట. ఎన్‌బీఏ తప్ప వేరే బాస్కెట్‌బాల్ తెలియని నాకు ఈ మనిషి ఒక కొత్త లోకం చూపించాడు. ఆ లోకాన్ని మీకూ కాస్త చూపిద్దామనే ఈ వ్యాసం.

ఎక్కడివాడు?

పూర్తి పేరు షారూనస్ యాసికేవిచుస్. నోరు తిరగడం కష్టం కాబట్టి అందరూ షారస్ అంటారు. 1976 మార్చి 5న లిథువేనియాలోని కౌనస్ నగరంలో పుట్టాడు. అప్పటికి అది సోవియట్ యూనియన్‌లో భాగం. వాళ్ళమ్మ హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి.

లిథువేనియా గురించి రెండు మాటలు చెప్పకపోతే షారస్ అర్థం కాడు. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం, జనాభా 30 లక్షల లోపే. మన హైదరాబాద్‌లో సగం కూడా లేరన్నమాట. కానీ మనకు క్రికెట్ ఎలాగో వాళ్ళకి బాస్కెట్‌బాల్ అలాగ. 1937లో, 1939లో వరుసగా యూరప్ ఛాంపియన్లు అయ్యారు. 1939 పోటీలు జరిగింది కౌనస్‌లోనే, అందుకోసమే అక్కడ ఒక పెద్ద హాలు కట్టారు. ఆ మరుసటి ఏడాదే దేశం సోవియట్ చేతిలోకి వెళ్ళిపోయింది. తర్వాత యాభై ఏళ్ళపాటు లిథువేనియా పేరుతో జట్టే లేదు.

జట్టు లేకపోయినా ఆట పోలేదు. కౌనస్‌లో జల్గిరిస్ అనే క్లబ్ ఉంది. 1980ల్లో ఆర్విడాస్ సబోనిస్ అనే ఏడడుగుల పైచిలుకు మనిషి ఆ క్లబ్‌లో ఆడేవాడు. 1985, 1986, 1987లో మూడేళ్ళు వరుసగా జల్గిరిస్ సోవియట్ లీగ్ గెలిచింది. వాళ్ళ ప్రధాన ప్రత్యర్థి మాస్కోలోని సైన్యం జట్టు సీఎస్‌కేఏ. ఒక చిన్న ఊరి జట్టు మాస్కో వాళ్ళని ఓడించడమంటే ఆ రోజుల్లో లిథువేనియా వాళ్ళకి అది ఆట ఒక్కటే కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆ మ్యాచ్‌లు జరిగేనాటికి షారస్‌కి తొమ్మిది, పదేళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో లిథువేనియా సొంత పేరుతో దిగి, మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టుని 82-78తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది. అప్పుడు అతనికి పదహారు.

అలాంటి ఊళ్ళో పుట్టిన కుర్రాడు జల్గిరిస్‌లో ఆడాలని కలగంటాడు కదా. కానీ ఆ కల తీరడానికి అతనికి 37 ఏళ్ళు వచ్చాయి. ఆ కథకి తర్వాత వద్దాం.

ఎవరికీ అక్కర్లేని గార్డు

స్కూల్లో ఉండగానే అమెరికా వెళ్ళాడు. పెన్సిల్వేనియాలో హైస్కూలు, తర్వాత మేరీల్యాండ్ యూనివర్సిటీలో నాలుగేళ్ళు. 1998లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వరుసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమంలో, అతని పేరు ఎవరూ పిలవలేదు. మన భాషలో చెప్పాలంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ అన్నీ అయిపోయాక కూడా ఆఫర్ లేకుండా మిగిలిపోయాడు.

ఎందుకంటే చూడ్డానికి అతనిలో ఆర్భాటం ఏమీ లేదు. మెరుపులా పరుగెత్తడు, రింగ్ మీదికి ఎగరడు, డిఫెన్స్ అంతంతమాత్రం. ఉన్నవల్లా రెండు: గురి తప్పని చెయ్యి, జరగబోయేది ముందే పసిగట్టే కన్ను. మొదటిదాన్ని కొలవొచ్చు. రెండోదాన్ని కొలిచే పరీక్ష ఇప్పటికీ లేదు.

స్వదేశం వచ్చి లియెతువోస్ రితాస్ అనే జట్టులో చేరాడు. అది రాజధాని విల్నియస్ జట్టు, జల్గిరిస్‌కి బద్ధ శత్రువు. విచిత్రం చూడండి, సరిగ్గా ఆ సీజన్లోనే, 1999లో, జల్గిరిస్ మొదటిసారి యూరోలీగ్ గెలిచింది. కౌనస్ కుర్రాడు షారస్ ఆ సంబరంలో లేడు, అవతలి జట్టులో ఉన్నాడు. తర్వాత స్లోవేనియాలో ఒక ఏడాది ఆడి, 2000లో బార్సిలోనా చేరాడు.

అసలు పాయింట్ గార్డ్ చూసేదేమిటి?

ఇక్కడ కాస్త ఆట గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే మా జూనియర్ అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టుకి ఐదుగురు. బంతి అందుకున్న జట్టు 24 సెకన్లలో షాట్ కొట్టాలి. అంతర్జాతీయ మ్యాచ్ 40 నిమిషాలు, పది నిమిషాలవి నాలుగు క్వార్టర్లు. బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేవాడు పాయింట్ గార్డ్. యూరప్ ఆటకి ఆయువుపట్టు లాంటి ఎత్తుగడ ఒకటుంది, పేరు పిక్ అండ్ రోల్. దాన్ని ఇలా ఊహించుకోండి.

బంతి నా చేతిలో ఉంది. నా ఎదురుగా నన్ను కాసే డిఫెండర్. మా జట్టులోని పొడుగువాడు వచ్చి ఆ డిఫెండర్ పక్కన స్తంభంలా నిలబడతాడు. నేను ఆ స్తంభాన్ని రాసుకుంటూ పక్కకి దూసుకెళ్తాను. నా డిఫెండర్ స్తంభానికి అడ్డుపడి అర సెకను వెనకబడతాడు. ఇప్పుడు చిక్కు మా పొడుగువాణ్ణి కాస్తున్న రెండో డిఫెండర్‌ది. నన్ను ఆపడానికి ముందుకొస్తే, మా పొడుగువాడు గిర్రున తిరిగి రింగ్ వైపు పరుగెడతాడు, పాస్ వాడికి. రాకుండా వెనకే ఉండిపోతే, నా ముందు ఎవరూ లేరు, షాట్ నాది. తెలివైన జట్టయితే ఇక్కడ మూడో డిఫెండర్ వస్తాడు. మూలలో నిలబడ్డ మావాణ్ణి వదిలేసి, రింగ్ వైపు వెళ్తున్న పొడుగువాడికి అడ్డం పడతాడు. అప్పుడు ఖాళీ అయ్యేది ఆ మూల. పాస్ అక్కడికి, మూడు పాయింట్లు మనవి.

ఇదంతా జరిగేది రెండు సెకన్లలో. కొత్తవాళ్ళు చేసే తప్పేమిటంటే, ఆ రెండు సెకన్లలో తమ జట్టులో ఎవరు ఖాళీగా ఉన్నారా అని నలుగురినీ వెతుకుతారు. వెతికి పట్టుకునేలోపు ఖాళీ పూడిపోతుంది. షారస్ లాంటివాళ్ళు మనవాళ్ళని వెతకరు. ఆ మూడో డిఫెండర్ ఒక్కణ్ణే చూస్తారు. వాడి కాలు ఎటు కదిలితే, దానికి వ్యతిరేక దిక్కున ఖాళీ పుడుతుంది. అంటే ఖాళీని చూడటం కాదు, ఖాళీ పుట్టించే మనిషిని చూడటం. కాళ్ళలో వేగం తక్కువైనా షారస్ అందరికన్నా ముందు చేరేది ఇందుకే.

ఇది తెలిశాక అర్థమైంది, నేనూ తెలియకుండా చేసేది ఇదేనని. తెలియకుండా చేసేదాన్ని ఇంకొకడికి చెప్పలేం. అందుకే అరిచాను.

ఒక షాట్ తప్పింది, ఇంకొకటి పడింది

2000 సిడ్నీ ఒలింపిక్స్ సెమీఫైనల్. లిథువేనియా ఎదురుగా అమెరికా. 1992లో ఎన్‌బీఏ ఆటగాళ్ళతో ఒలింపిక్స్‌కి రావడం మొదలుపెట్టాక అమెరికా అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ రోజు షారస్ 27 పాయింట్లు చేశాడు. చివరి సెకన్లలో స్కోరు 85-83. రెండు పాయింట్లు వెనకబడిన లిథువేనియా తరఫున చివరి షాట్ షారస్ చేతిలో ఉంది, మూడు పాయింట్ల గీత అవతల నుంచి. పడితే చరిత్ర. పడలేదు. డ్రాఫ్ట్‌లో ఎవరికీ అక్కర్లేని కుర్రాడి పేరు మాత్రం ఆ ఒక్క షాట్‌తో ప్రపంచానికి తెలిసింది. లిథువేనియాకి కాంస్యం దక్కింది.

2003లో స్వీడన్‌లో జరిగిన యూరప్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో స్పెయిన్‌ని 93-84తో ఓడించి లిథువేనియా మళ్ళీ విజేత అయింది. 1939 తర్వాత మళ్ళీ అప్పుడే, 64 ఏళ్ళకి. ఆ టోర్నీలో అత్యుత్తమ ఆటగాడు షారస్.

మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్. లీగ్ దశలో మళ్ళీ అమెరికా. చివరి క్వార్టర్లో కొద్ది వ్యవధిలోనే అతను వరసపెట్టి మూడు పాయింట్ల షాట్లు వేశాడు. మొత్తం 28 పాయింట్లు. లిథువేనియా 94-90తో గెలిచింది. నాలుగేళ్ళ కిందటి బాకీ తీరింది. అయితే కథలన్నీ సినిమాల్లా ముగియవు. లిథువేనియా సెమీస్‌లో ఇటలీ చేతిలో ఓడింది, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో అదే అమెరికా చేతిలో ఓడి నాలుగో స్థానంతో ఇంటికొచ్చింది.

నాలుగు కప్పులు, మూడు జెర్సీలు

యూరప్ దేశాల అగ్ర క్లబ్బులన్నీ ఆడే పోటీ యూరోలీగ్. చివర్లో మిగిలిన నాలుగు జట్లు ఒకే ఊళ్ళో, ఒకే వారాంతంలో తలపడతాయి. దీన్ని ఫైనల్ ఫోర్ అంటారు. ఎన్‌బీఏలోలా ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఉండదు. ఒక్క మ్యాచ్, ఓడితే ఇంటికే. ఏడాదంతా బాగా చదివి ఎండ్ సెమ్ రోజున జ్వరం వచ్చినట్టు, ఎంత గొప్ప జట్టయినా ఆ ఒక్క రాత్రి తడబడితే అంతే సంగతులు.

అలాంటి పోటీని షారస్ ఆటగాడిగా నాలుగుసార్లు గెలిచాడు. 2003లో బార్సిలోనాతో, 2004, 2005లో ఇజ్రాయెల్ జట్టు మకాబీ టెల్ అవీవ్‌తో, 2009లో గ్రీస్ జట్టు పనథినైకోస్‌తో. మూడు వేర్వేరు క్లబ్బులతో ఆ కప్పు ఎత్తాడు.

వీటిలో 2004 కప్పుకి ఒక ముల్లు ఉంది. ఫైనల్ ఫోర్ చేరాలంటే మకాబీ గెలిచి తీరాల్సిన మ్యాచ్‌లో ప్రత్యర్థి ఎవరో తెలుసా? జల్గిరిస్. చిన్నప్పుడు షారస్ ఆరాధించిన సబోనిస్ చివరి రోజుల్లో మళ్ళీ సొంత క్లబ్‌కి వచ్చి ఆడుతున్నాడు. రెండు సెకన్లు మిగిలుండగా మూడు పాయింట్ల ఆధిక్యం జల్గిరిస్‌దే. అంతలో మకాబీ ఆటగాడు డెరిక్ షార్ప్ దూరం నుంచి వేసిన బంతి పడి మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది, మకాబీ గెలిచింది. తన ఊరి ఆశలు తన కళ్ళముందే, తన జట్టు చేతిలోనే కూలిపోయాయి.

మధ్యలో 2005లో ఎన్‌బీఏ తలుపు కూడా తెరుచుకుంది. 29 ఏళ్ళ వయసులో ఇండియానా పేసర్స్‌లో చేరాడు. మొదటి సీజన్లో 75 మ్యాచ్‌లు ఆడి సగటున 7 పాయింట్ల పైచిలుకు చేశాడు. కానీ అక్కడ బంతి ఎక్కువసేపు అతని చేతిలో ఉండేది కాదు. 2007 జనవరిలో ఎనిమిదిమంది ఆటగాళ్ళ మార్పిడిలో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కి వెళ్ళాడు. అక్కడా కుదురుకోలేదు. యూరప్ తిరిగొచ్చి పనథినైకోస్‌లో జెల్కో ఒబ్రదోవిచ్ అనే సెర్బియా కోచ్ దగ్గర చేరాడు. యూరప్‌లో అంతకుమించి కప్పులు గెలిచిన కోచ్ లేడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

2013లో, 37 ఏళ్ళ వయసులో, కెరీర్ చిట్టచివర షారస్ మొదటిసారి జల్గిరిస్ జెర్సీ వేసుకున్నాడు. ఆ సీజన్లో లిథువేనియా లీగ్ గెలిచి 2014లో ఆట మానేశాడు. ఇల్లు మాత్రం వదల్లేదు. అదే జల్గిరిస్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. 2016 జనవరిలో, నలభై నిండకముందే, హెడ్ కోచ్ అయ్యాడు.

చేతులు కట్టేశాక

గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడని గ్యారంటీ ఏమీ లేదు. నిజానికి కష్టం ఎక్కువ. తనకి సహజంగా వచ్చింది అవతలివాడికి ఎందుకు రావట్లేదో అర్థం కాదు. మన ల్యాబ్‌లో టాపర్ పక్కన కూర్చుంటే తెలుస్తుంది కదా, "ఇందులో ఏముందిరా, ఇలా చేసెయ్" అంటాడు. ఆ "ఇలా" ఏమిటో మనకి తెలియదు, వాడికీ తెలియదు.

షారస్ టైమౌట్ వీడియోలు చూశాను. పీడీ సార్ చెప్పింది నిజం, ఆయనా అరుస్తాడు. నాకన్నా గట్టిగా అరుస్తాడు. ముఖం ఎర్రబడుతుంది, నరాలు ఉబ్బుతాయి. మొదట చూసి "ఓహో, మనమూ కరెక్టే" అనుకుని సంతోషపడ్డాను. రెండోసారి చూసినప్పుడు తేడా తెలిసింది. నేను "కనబడట్లేదా?" అని అరిచాను. అది తిట్టు. ఆయన అరుపులో తిట్టుతోపాటు ఒక పని ఉంటుంది: ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు కదలాలి అనేది. భావం కోపమే అయినా వాక్యం సూచన.

ఇంకో వీడియో ఉంది. 2017లో, లీగ్ సెమీఫైనల్ సిరీస్ మధ్యలో, జల్గిరిస్ ఆటగాడు ఆగస్టో లిమా తన బిడ్డ పుట్టే సమయమని సెలవు తీసుకుని వెళ్ళాడు. మ్యాచ్ తర్వాత ప్రెస్‌మీట్‌లో ఒక విలేకరి, ఇలాంటి కీలకమైన సమయంలో ఆటగాడు వెళ్ళడం గురించి మీరేమంటారు అని అడిగాడు. వెళ్ళమన్నది నేనే అన్నాడు షారస్. మీకు పిల్లలున్నారా అని ఎదురు ప్రశ్న వేశాడు. మీకు పిల్లలు పుట్టినప్పుడు తెలుస్తుంది, మనిషి జీవితంలో దాన్ని మించిన అనుభవం లేదు, బాస్కెట్‌బాల్ కన్నా ముఖ్యమైనవి ఉంటాయి అనే అర్థంలో నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెప్పాడు. అంతసేపు అరిచే మనిషి అక్కడ అరవలేదు. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆ వీడియోని ప్రపంచమంతా పంచుకున్నారు.

ఆటగాడికి చేతిలో బంతి ఉంటుంది, కోచ్ చేతిలో మనుషులు ఉంటారు అని నాకు అర్థమైంది ఆ వీడియో దగ్గరే. బంతికి నిద్రలేని రాత్రులుండవు, ఇంట్లో బెంగలుండవు, భయం వెయ్యదు.

గురువు, శిష్యుడు, మిత్రుడు

2018లో జల్గిరిస్ యూరోలీగ్‌లో అద్భుతం చేసింది. పోటీలో తక్కువ బడ్జెట్ ఉన్న జట్లలో అదొకటి. పేరున్న గ్రీస్ జట్టు ఒలింపియాకోస్‌ని ప్లేఆఫ్స్‌లో 3-1తో ఓడించి, 1999 తర్వాత మొదటిసారి ఫైనల్ ఫోర్ చేరింది. సెమీస్‌లో ఎదురైంది టర్కీ జట్టు ఫెనర్‌బాచె. దాని కోచ్ ఎవరనుకున్నారు? ఒబ్రదోవిచ్. గురువు 76-67తో శిష్యుణ్ణి ఓడించాడు. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో జల్గిరిస్ గెలిచింది ఎవరి మీద? పాత శత్రువు, మాస్కో సీఎస్‌కేఏ మీద. కౌనస్ పెద్దవాళ్ళకి 1985 గుర్తొచ్చే ఉంటుంది.

2020లో షారస్ బార్సిలోనా కోచ్ అయ్యాడు. డబ్బుంది, స్టార్లున్నారు. 2021 ఫైనల్లో ప్రత్యర్థి ఇస్తాంబుల్ జట్టు అనడోలు ఎఫెస్. కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేని హాల్లో ఎఫెస్ 86-81తో గెలిచింది. 25 పాయింట్లు చేసి బార్సిలోనాని దెబ్బకొట్టింది వాసిలియె మిచిచ్. ఆ మిచిచ్ 2018లో జల్గిరిస్‌లో షారస్ దగ్గర ఆడిన గార్డే! మొదట గురువు చేతిలో, ఇప్పుడు శిష్యుడి చేతిలో.

2022లో మళ్ళీ ఫైనల్ ఫోర్, సెమీస్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓటమి. 2023లో మళ్ళీ వచ్చాడు, మళ్ళీ రియల్ చేతిలోనే ఓటమి. ఈసారి జరిగిన ఊరు కౌనస్, జల్గిరిస్ సొంత హాలు. ఆ సీజన్ స్పెయిన్ లీగ్ గెలిచినా క్లబ్‌తో బంధం తెగిపోయింది. 2023 డిసెంబర్లో ఫెనర్‌బాచె పిలిచింది, ఒకప్పుడు గురువు నడిపిన జట్టు. 2024లో బెర్లిన్‌లో ఫైనల్ ఫోర్. 2009లో ఆటగాడిగా కప్పు ఎత్తింది అదే ఊళ్ళో, పనథినైకోస్ జెర్సీలో. ఇప్పుడు ఆ పనథినైకోసే సెమీస్‌లో 73-57తో ఓడించింది.

లెక్క చూడండి: కోచ్‌గా ఐదుసార్లు ఫైనల్ ఫోర్, ఒక్క కప్పూ లేదు. ఆటగాడిగా మూడు జెర్సీలతో నాలుగు గెలిచిన మనిషికి.

2025 మే నెల, అబుదాబి. ఆరో ప్రయత్నం. సెమీస్‌లో ఎదురుగా మళ్ళీ పనథినైకోస్. ఆ జట్టు కోచ్ ఎర్గిన్ అతామన్, 2021లో ఎఫెస్‌తో, 2024లో పనథినైకోస్‌తో షారస్‌ని ఓడించింది అతనే. ఈసారి ఫెనర్‌బాచె 82-76తో గెలిచింది. ఫైనల్లో మొనాకో. మొనాకో కోచ్ వాసిలిస్ స్పనూలిస్. 2009లో పనథినైకోస్‌లో షారస్ పక్కన ఆడిన గార్డు, ఆ ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడు. ఒకే గురువు దగ్గర, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు గార్డులు పదహారేళ్ళ తర్వాత సూట్లు వేసుకుని, చేతిలో బంతి లేకుండా, రెండు గీతల దగ్గర నిలబడ్డారు.

ఫెనర్‌బాచె 81-70తో గెలిచింది. 23 పాయింట్లతో ఫైనల్ని లాక్కొచ్చింది నైజల్ హేస్-డేవిస్. అతను కౌనస్‌లో షారస్ దగ్గర ఆడాడు, బార్సిలోనాలో ఆడాడు, మళ్ళీ ఇస్తాంబుల్‌లో ఆడాడు. మూడు ఊళ్ళు, ఒకే కోచ్. ఒక శిష్యుడు 2021లో లాక్కున్న కప్పుని ఇంకో శిష్యుడు తెచ్చిచ్చాడు. ఆటగాడిగానూ కోచ్‌గానూ ఆ కప్పు గెలిచినవాళ్ళు చరిత్రలో చాలా కొద్దిమంది. వాళ్ళలో ఒకడు స్వెతిస్లావ్ పెషిచ్, 2003లో షారస్ మొదటి కప్పు గెలిచినప్పుడు బార్సిలోనా కోచ్ ఆయనే.

నాకు ఇందులో నచ్చింది 2025 కాదు. 2018కీ 2025కీ మధ్య ఉన్న ఏడేళ్ళు. సిడ్నీలో తప్పిన షాట్‌ని నాలుగేళ్ళలో తన చేత్తోనే దిద్దుకున్నాడు. కోచ్‌గా తప్పినదాన్ని తన చేత్తో దిద్దుకునే వీల్లేదు. ఎవరో ఒకరు కొట్టాలి, ఇతను గీత అవతల నిలబడి చూడాలి. అందుకే ఎక్కువ కాలం పట్టింది.

మా కోర్టులో

చీలమండ తగ్గింది. అయినా ఈ సెమిస్టర్‌లో వారానికి రెండు సాయంత్రాలు నేను ఆడకుండా బయట ఉంటున్నా. నా ప్రశ్న మారింది. "వాడు కనబడట్లేదా?" అనడం మానేసి, "నువ్వేం చూశావ్?" అని అడుగుతున్నా. మొదటి వారం ఎవరూ మాట్లాడలేదు. రెండో వారం ఆ సెకండియర్ కుర్రాడు, "అన్నా, నేను బంతిని చూస్తున్నా" అన్నాడు. అదీ అసలు సంగతి! వాడికి చూపు లేక కాదు, చూపు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక.

"మనవాణ్ణి వెతక్కు. మనవాణ్ణి వదిలేసి వచ్చేవాణ్ణి చూడు" అని చెప్పి, చాక్‌పీస్‌తో నేల మీద ఆ మూడో డిఫెండర్ నిలబడే చోట ఒక గుండ్రం గీశా.

నిన్న సాయంత్రం ప్రాక్టీస్‌లో వాడు పిక్ అండ్ రోల్ ఆడుతూ, ఆ గుండ్రంలోంచి అవతలివాడు కాలు తీయగానే, తల కూడా తిప్పకుండా మూలకి పాస్ వేశాడు. మూలలో ఉన్నవాడు ఆ బంతిని ఊహించలేదు, చేతుల్లోంచి జారి బయటికి పోయింది. వాడు నా వైపు భయంభయంగా చూశాడు, అరుస్తానని.

నేను చప్పట్లు కొట్టాను. తర్వాత మూలలో ఉన్నవాడి దగ్గరకెళ్ళి అడిగాను, "నువ్వేం చూశావ్?"